‘పని పూర్తి’ అనగా నేమి?

(సంఘమువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒడిశాలో కాపురముంటున్న మనకందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాము. ఒడియా వర్తకుడొకడు “కొత్త సంవత్సరానికి ముందే సరుకు పంపిస్తాను” అని మనకు మాట యిస్తాడు. మనము ఉగాదికి ఎదురుచూస్తాము. ఆయన లెక్కలో కొత్త సంవత్సరమనగా ఏప్రిల్ మధ్యలో వచ్చే పణా సంక్రాంతి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా మన అంగడి మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఇటువంటి చిక్కే పెద్ద పనులలోనూ కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక చిన్న వంతెన పని కాగితాలు మా బల్లమీదికి వచ్చినవి. గర్డరులు చేసినవారు ‘పూర్తి’ అని వ్రాసినారు. అవి తమ గేటు దాటినవని వారి భావము. కంట్రాక్టరు కూడా ‘పూర్తి’ అనే వ్రాసినాడు. సరుకు పనిచోటికి చేరినదని అతని భావము. ఇంజనీరుగారి దృష్టిలోనో, గర్డరులు బిగించి, కొలతల పుస్తకములో ఎక్కించిన తరువాతనే పూర్తి. మేము మూడు కాగితాలనూ ఒకే ఫైలులో కుట్టి, మాట ఒకటే గదా అని పైకి పంపినాము. తప్పు మాదే. బిల్లు తిరిగివచ్చినది. సరిచేయుటకు రెండు నెలలు పట్టినది. ఆ రెండు నెలలూ గర్డరులవారి పొయ్యి ఆరలేదు, కంట్రాక్టరు పొయ్యి ఆరలేదు. బోల్టులు బిగించిన 14 మంది కూలీల పొయ్యిలే ఆరినవి. వారిలో శ్రీకాకుళము నుంచి వచ్చిన మనవారూ ఉన్నారు. “పని అయిపోయింది గదా బాబూ, డబ్బెందుకు రాలేదు?” అని అడిగితే మేము జవాబు చెప్పలేకపోయినాము.

ఈ చిక్కు పాతది. ఇంగ్లండులో తొలిరోజులలో ఒక్కొక్క రైలుదారి ఒక్కొక్క కంపెనీది. ఒక మూట మూడు కంపెనీల దారులమీదుగా పోతే కిరాయిలో ఎవరి వాటా యెంత? ఇది తేల్చుటకే 1842లో లండనులో రైల్వే క్లియరింగ్ హౌసు ఏర్పడినది. సరుకుల వర్గీకరణ అందరికీ ఒకటి కావలసివచ్చినది. గడియారాలు సైతం ఒకటి కావలసివచ్చినవి. కంపెనీలన్నీ గ్రీనిచ్ కాలమునే పాటించవలెనని 1847లో ఆ సంస్థ సిఫారసు చేసినది.

తరువాత ఇంకా పెద్ద పనులు వచ్చినవి. అమెరికా నౌకాదళము పొలారిస్ క్షిపణిని తయారుచేయించేటప్పుడు ఎందరో కంట్రాక్టర్ల పనులు ఒకదానిపై ఒకటి ఆధారపడి యుండెను. ఏది అయితేగాని ఏది మొదలుకాదో పటము గీసి చూపే ‘పెర్ట్’ పద్ధతి 1958లో అక్కడ పుట్టినది. ఇది కాలము లెక్క. దానితో ఖర్చు లెక్కను ముడివేయుటకు 1967లో అమెరికా రక్షణశాఖ 35 నియమములు ప్రకటించినది. అందులోని వివేకము మనము గమనించదగినది. కంపెనీలన్నీ ఒకే రకము ఖాతాపుస్తకము పెట్టుకోవలెనని అది పట్టుబట్టలేదు. ఎవరి పుస్తకము వారిదే, అడిగిన ప్రశ్నలకు మాత్రం అది జవాబు చెప్పవలెను. ఆ నియమములే 1998లో 32 సూత్రాలుగా అమెరికా జాతీయ ప్రమాణమైనవి.

ప్రశ్నలలో ముఖ్యమైనవి మూడు. నేటికి ఎంత పని కావలెను? ఎంత అయినది? అయినదానికి ఎంత ఖర్చయినది? మూడింటినీ రూపాయలలోనే చెప్పవలెను. నెలాఖరుకు 10 లక్షల పని కావలసియుండగా, 8 లక్షల పని అయి, 9 లక్షలు ఖర్చయినదనుకొందాము. ఖర్చు ఒక్కటే చూచేవాడు లక్ష మిగిలినదని సంతోషిస్తాడు. మూడూ చూచేవాడు పని 2 లక్షల మేర వెనుకబడినదనీ, అయిన పనికి లక్ష అధికముగా పట్టినదనీ గ్రహిస్తాడు.

ఇప్పుడు కాగితము స్థానములో కంప్యూటరు వచ్చినది. ఒకరి కంప్యూటరులోని లెక్క మరొకరి కంప్యూటరుకు తెలియవలెనంటే గడుల పేర్లు ముందే ఒప్పుకొని యుండవలెను. ఐక్యరాజ్యసమితికి చెందిన యూఎన్ సెఫాక్ట్ అనే సంస్థ వర్తకమునకు, పనుల కాలము ఖర్చులకు కూడా ఇటువంటి నమూనాలు సిద్ధపరచినది. మన దేశములో 2020 అక్టోబరు 1న పెద్ద వ్యాపారులతో ఈ-ఇన్వాయిసు మొదలైనది. 2023 ఆగస్టు 1 నుంచి ఏటా 5 కోట్లు మించిన వ్యాపారము గలవారికీ దానిని వర్తింపజేసినారు. బిల్లు ఎవరు వ్రాసినా గడులు ఒకటే. అయితే బిల్లు జరిగినదానిని చెప్పును గాని, రేపు జరుగవలసినదానిని చెప్పదు.

యంత్రము ‘పూర్తి’ అనే గడిని చూపును. అందులో ఏమి వ్రాయవలెనో మనుష్యులే ముందు కూర్చుండి తేల్చుకోవలెను. అప్పుడు చిన్నవాడిని కూడా పిలువవలెను. పెద్ద కంపెనీలో పదిమంది గుమాస్తాలుంటారు. బోల్టులు చేసే చిన్న షెడ్డులో యజమానే గుమాస్తా. నలుగురు కొనేవారు నాలుగు నమూనాలు పంపితే నలిగిపోయేది అతడే. ఒకే నమూనా వలన ఎక్కువ మేలు పొందేదీ అతడే. అయితే ఆ నమూనాలో అక్కరలేని గడులు నింపిపెడితే ఆ మేలూ దక్కదు.

ఈ సభలో చిన్న కంట్రాక్టులు చేసేవారున్నారు, వర్కుషాపులలో పనిచేసేవారున్నారు. మా మనవి ఒక్కటే. ‘పూర్తి’ అని వ్రాసేటప్పుడు ఏది పూర్తి అయినదో ప్రక్కన ఒక్క పంక్తి వ్రాయండి. గేటు దాటినదా, పనిచోటికి చేరినదా, బిగించినదా, కొలిచినదా? తేదీ వేయండి. ఆ పంక్తి లేని కాగితాన్ని మేమిప్పుడు అదేరోజున త్రిప్పి పంపుతున్నాము. కొందరు కోపపడుతున్నారు. అయినా రెండు నెలల పస్తు కంటే ఒకరోజు కోపము మేలు.

పంచాంగ శ్రవణానికి వేళ అయినది. సెలవు.