అరాన్ లోయ మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కర్ణాటకలో పుట్టిన మన పిల్లలు సెలవులకు కోస్తా జిల్లాలకు పోతే, వారి తెలుగు విని బంధువులు నవ్వుతారు. "ఇదేమి యాస?" అంటారు. అందుచేత ఈ పూట దూరదేశపు యాస నొకదానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము రైల్వే గుమాస్తాలమే గాని పండితులము కాము, పెద్దలు మన్నించాలి.

ఫ్రాన్సు, స్పెయిను దేశాల నడుమ పిరనీసు పర్వతాలున్నవి. గరోన్ నది పుట్టేచోట, స్పెయిను సరిహద్దులో, అరాన్ అనే లోయ వున్నది. జనం పదివేలకు అటూ ఇటూ. 1948లో కొండకు సొరంగం పడేవరకు శీతకాలంలో మంచు కురిస్తే మిగతా స్పెయినుతో దారి తెగిపోయేది. వారి మాట గాస్కన్ భాషలో ఒక మాండలికం. అరనీసు అంటారు.

దీనికి మూలం లాటిను. లాటిను ఫకారం ఇక్కడ హకారమైనది; రెండచ్చుల నడుమ నకారం జారిపోయినది. పిండి 'ఫరీనా' కాస్తా 'హరీయ' అయినది. చంద్రుడు 'లూనా' పోయి 'లూఅ' అయినాడు. మాట మొదట రేఫ వస్తే ముందొక అకారం చేర్చి, ఏరును 'అర్రియు' అంటారు. ఇప్పుడు ఆ హకారాన్ని లోయలో చాలా చోట్ల వ్రాస్తారే గాని పలకరు. బౌసేన్, కనెజాన్ గ్రామాల్లో మాత్రం ఊపిరితో వినవస్తుంది. మనకిది వింత కాదు. మన పాలు కన్నడంలో హాలు, మన పులి హులి. అది తప్పని ఎవరన్నారు?

సరిహద్దుకు అవతల ఫ్రాన్సులో గాస్కన్ ను 'పాత్వా' అని చులకన చేశారు. అక్కడ రాజ్యాంగం 1992 నుండి ఫ్రెంచినే గణతంత్ర భాషగా చెబుతున్నది. 2008లో ప్రాంతీయ భాషలను దేశ వారసత్వమన్నారు. అధికార హోదా మాత్రం లేదు. ఇవతల అరాన్ వారు తమ ఉచ్చారణ కనువైన వ్రాత పద్ధతిని 1983లో ఏర్పరచుకొన్నారు. 1984 నుండి బడులలో నేర్పుతున్నారు. 2006 శాసనంతో అది కాటలోనియా అంతటా అధికార భాషలలో ఒకటైనది. ఒకే భాష, కొండకు ఇరుపక్కల రెండు గతులు!

అయినా లోయలో ఈనాడు స్పానిష్ మాతృభాషగా గలవారే ఎక్కువ. పనుల కోసం బయటివారు వచ్చి స్థిరపడినారు. చట్టం బడిలో, బోర్డుమీద భాషను నిలుపగలదు, వంటింట్లోకి రాలేదు.

ఇక్కడ మన తెలుగుకు ఆ చట్టమైనా లేదు. ఉన్నది వంటిల్లే. కనుక మా విన్నపం ఒక్కటే: పిల్లల మాటలో కన్నడపు పలుకు దొర్లినా దిద్దబోయి వారి నోరు మూయించవద్దు. మాట్లాడనివ్వండి, వారానికొక ఉత్తరమైనా తెలుగులో వ్రాయించండి.