మహిళలు తీసిన చిత్రములు – మన యిండ్ల తీర్పు

(ఉగాదినాటి సభలో మన సంఘాధ్యక్షులు చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. పచ్చడి పంచుట ఇంకను మొదలు కాలేదు. ఈ రెంటి నడుమ కొంతసేపు మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించినారు. విషయమును కూడ వారే నిర్ణయించినారు. గడచిన మాసమున మన వారపత్రికతో పాటు ఇంటింటికి పంపిన చీటీల ఫలితమును సభకు తెలుపవలెనట. స్త్రీలు దర్శకత్వము వహించిన చలనచిత్రములలో మీకు మిక్కిలి నచ్చిన అయిదింటిని వరుసగా వ్రాసి పంపుడని ఆ చీటీలలో కోరియుంటిమి. వినోదమునకై తలపెట్టిన పని. మొదట వినోదముగానే సాగినది.

చీటీలు లెక్కింప కూర్చున్న రాత్రి మాకు తెలిసిన మొదటి సంగతి యేమనగా, మనలో అత్యధికులు ప్రథమ స్థానమిచ్చిన చిత్రము స్త్రీ తీసినదే కాదు! అది 2018లో వచ్చిన 'మహానటి'. సావిత్రిగారి జీవితమును గూర్చిన ఆ చిత్రమునకు దర్శకుడు నాగ్ అశ్విన్. స్త్రీని గూర్చి తీసిన చిత్రమునకును, స్త్రీ తీసిన చిత్రమునకును గల భేదమును మనవారు పాటింపలేదు. అంతకంటె విచిత్రము, సావిత్రిగారు స్వయముగా దర్శకత్వము వహించిన చిత్రములలో ఒక్కటియైనను ఆ చీటీలలో కానరాలేదు. ఆమె కథ చూచి కన్నీరు పెట్టినవారమే ఆమె పనిని మరచితిమి.

రెండవ సంగతి మా తప్పునకు సంబంధించినది. మేము ఇంటికి ఒక చీటీ వంతున పంపితిమి. ప్రతి చీటీయు ఇంటి యజమాని చేతికే పోయినది. చేవ్రాతలన్నియు పురుషులవే. మా యింటి చీటీని నింపినదియు మేమే. భోజనమువేళ ఆ మాట చెప్పగా మా తల్లిగారు అన్నము వడ్డించుచు, "నువ్వు ఏ సినిమా అయినా చివరిదాకా మెలకువగా ఉండి చూశావా నాయనా?" అని అడిగినారు. మా వద్ద జవాబు లేకపోయెను.

ఎవరిని అడిగితిమన్నదానిని బట్టియే ఏది గొప్పదన్న తీర్పు ఏర్పడునన్నది మా చీటీలతోనే పుట్టిన సంగతి కాదు. ఇంగ్లండు దేశమున 'సైట్ అండ్ సౌండ్' అను పత్రిక 1952 మొదలుకొని పదేండ్లకొకసారి ప్రపంచమందలి ఉత్తమ చిత్రములకు ఓట్లు సేకరించుచున్నది. ఎన్నడును స్త్రీ తీసిన చిత్రము అగ్రస్థానము నందలేదు. 2012లో 846 మంది విమర్శకులు ఓటు వేసిరి. 2022లో ఆ వలయమును విస్తరించి 1600కు పైబడినవారిని అడిగిరి. అప్పుడు బెల్జియము దేశపు వనిత షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ దీల్‌మాన్' మొదటికి వచ్చినది. అది తీయునాటికి ఆమెకు పాతికేండ్లైనను నిండలేదు. ఒక గృహిణి మూడు దినములు ఇంటిపని చేయుటయే ఆ చిత్రమున అధిక భాగము. మా కుమారుడు చూపగా మేము ఒక గంటలో నిద్రపోయితిమి. మా గృహిణి మాత్రము బంగాళాదుంపల చెక్కు తీయు ఘట్టమును కన్నార్పక చూచి, "ఇంతకాలానికి ఒకరు దీన్ని పనిగా చూపించారు" అన్నది.

కావున రెండవసారి చీటీలు పంపితిమి. ఈసారి ఇంటిలోని స్త్రీలకు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. సగమునకు పైగా చీటీలలో భాష తెలుగు, లిపి అరవము. మన పిల్లలు మాటలాడుదురుగాని చదువజాలరన్న సంగతి అందరికి తెలిసినదే. దానిని గూర్చి మరియొకనాడు చెప్పుకొందము. లిపి ఏదైనను అభిప్రాయములు స్పష్టముగా నుండెను.

ముసలివారు ఒక్క గొంతుతో వ్రాసినది 'చండీరాణి'. 1953 నాటి ఆ చిత్రమున భానుమతిగారు ద్విపాత్రాభినయము చేసిరి, తమ పాటలు తామే పాడిరి, దర్శకత్వమును తామే వహించిరి. అదియు ఒక్క భాషలో కాదు. తెలుగు, తమిళము, హిందీ మూడింటను ఏకకాలమున. ముప్పది యేండ్లు నిండని వయసున ఇంత బరువు నెత్తికెత్తుకొన్నవారు పురుషులలోనైనను ఎందరున్నారు? తొంబదియేండ్లు దాటిన ఒక అవ్వగారు మాతో చెప్పినారు. ఆనాడు తెరపై దర్శకత్వము అను మాట క్రింద భానుమతిగారి పేరు పడినపుడు ఆడవారి తరగతిలో ఎవరికిని ఆ మాటకు అర్థము తెలియదట. ప్రక్కనున్నామె, "అంటే అందరికీ ఆవిడే పని చెప్పిందన్నమాట" అని విప్పి చెప్పినదట. దర్శకత్వమునకు ఇంతకంటె తేట నిర్వచనమును మేము ఎక్కడను వినలేదు.

నడివయసు స్త్రీలు సావిత్రిగారి 'మాతృదేవత'ను, విజయనిర్మలగారి 'మీనా'ను ముందుంచినారు. మొదటిది 1969 నాటిది, రెండవది 1973 నాటిది. 'మీనా' యద్దనపూడి సులోచనారాణిగారి నవల. వ్రాసినది స్త్రీ, తీసినది స్త్రీ, నటించినదియు ఆ తీసినామెయే. మధ్యాహ్నపు ఆటలకు పోయిన మన తల్లులకు అది నచ్చుటలో వింత లేదు. సావిత్రిగారి తొలి ప్రయత్నమైన 'చిన్నారి పాపలు' (1968)ను ఇద్దరు మాత్రమే స్మరించినారు. దర్శకత్వమే కాక నిర్మాణము, సంగీతము మున్నగు ముఖ్య శాఖలను గూడ స్త్రీలే నిర్వహించిన చిత్రమది. సంగీతము కూర్చినది పి. లీలగారు. ఆమె గొంతు తెలుగునాట నెరుగనివారు లేరు, ఆమె స్వరరచన చేసిరని ఎరిగినవారు అరుదు.

ఇక మన ఆడపిల్లలు. వీరి చీటీలతోనే వివాదము మొదలైనది. నందినీరెడ్డిగారి 'అలా మొదలైంది' (2011), 'ఓ బేబీ' (2019) విషయమున ఎవరికిని ఆక్షేపణ లేదు. డెబ్బదియేండ్ల ముసలమ్మ ఇరువదినాలుగేండ్ల పడుచుగా మారు 'ఓ బేబీ' కథ కొరియా దేశపుదే యైనను, లక్ష్మిగారు అందు పలికిన పలుకులు మన యింటి వంటగదివే. కాని పిల్లలు పెక్కుమంది మొదట వ్రాసినది 'సూరరై పోట్రు'. 2020లో వచ్చిన ఈ తమిళ చిత్రమునకు జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారము లభించినది. దర్శకురాలు సుధ కొంగర. మన కార్యవర్గమున ఇద్దరు పెద్దలు అరవ చిత్రమునకు తెలుగు సంఘపు పట్టికలో చోటులేదని వాదించిరి.

మా అభిప్రాయము వేరు. సుధ కొంగరగారు తెలుగింట పుట్టి ఈ నగరమున పెరిగినవారు. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాషగా బ్రతుకు మన పిల్లలవంటి వారే. 1931 నాటి 'కాళిదాసు'లో నాయిక టి.పి. రాజలక్ష్మిగారు తమిళమున పలుకగా నాయకుడు తెలుగున బదులు పలికెను. ఆ రాజలక్ష్మిగారే 1936లో 'మిస్ కమల' తీసి దక్షిణదేశమున తొలి దర్శకురాలైరి. భానుమతిగారి భరణీ స్టూడియో సాలిగ్రామమున, సావిత్రిగారి ఇల్లు హబీబుల్లా రోడ్డున ఉండెడివి. మనము నిత్యము నడచు త్రోవలు. ఈ పట్టికలోని చిత్రములలో సగము తెలుగుగడ్డపై గాక ఈ గడ్డపైననే పుట్టినవి. వానినుండి భాషను గీటుగా గీసి విడదీయుట మనకు, అందును మనకు, తగునా? 'సూరరై పోట్రు'ను ఉంచితిమి. అది తక్కువ ధరకు విమానము నడపదలచిన వాని కథ. వర్తకుల పిల్లలకు నచ్చుటలో తప్పేమి?

మేము వ్రాసిన రెండవ చీటీలో మాత్రము మొదటి పేరు 'ఇంగ్లీష్ వింగ్లీష్'. ఆడవారి చీటీలతో కలుపక ప్రక్కన ఉంచితిమి. 2012లో గౌరీ షిండేగారు తీసిన ఈ చిత్రమున లడ్డూలు చేసి అమ్ము ఇల్లాలికి ఆంగ్లము రాదు. ఇంటిలో బిడ్డయే తల్లిని చూచి సిగ్గుపడును. నటించినది శివకాశి ప్రాంతమున పుట్టి, తిరుపతి తల్లి ఒడిలో పెరిగిన శ్రీదేవిగారు. పూణెలో పచ్చళ్ళ వ్యాపారము చేసిన తమ తల్లిని తలచుకొని దర్శకురాలు ఈ కథ అల్లినారట. అమెరికాలో కాఫీకొట్టున ఆమెను గద్దించు ఘట్టము వచ్చినపుడు, పదవ తరగతితో చదువు చాలించి కొట్టెక్కిన మాకు బ్యాంకులలో ఎదురైన ఘట్టములెన్నో కన్నులకు కట్టినవి. ఆ చిత్రమున మేము నిద్రపోలేదని మా తల్లిగారే సాక్ష్యమిత్తురు.

ఇంతవరకు వినోదము. ఇక అసలు మాటకు వచ్చెదము.

మన విద్యానిధికి ఈ సంవత్సరము వచ్చిన దరఖాస్తులలో ఒకటి మన సభ్యులలో ఒకరి కుమార్తెది. తరమణిలోని ప్రభుత్వ చలనచిత్ర విద్యాలయమున దర్శకత్వము నేర్వగోరుచు సాయము అడిగినది. ఇంజనీరింగునకు, ఆడిటింగునకు అడిగిన పిల్లల దరఖాస్తులు పది నిమిషములలో ఆమోదము పొందినవి. ఈ అమ్మాయి కాగితముపై మాత్రము చర్చ గంటసేపు నడచినది. తుదకు వాయిదా పడినది. ఆనాడు పలికిన ముఖ్యమైన మాట, "సావిత్రిగారి గతి చూడలేదా?" అన్నది. అధ్యక్షపీఠమున కూర్చున్న మేము మౌనముగా ఉంటిమి. ఆ మౌనమునకు ఈనాడు సభాముఖమున క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

సావిత్రిగారు 'మూగమనసులు' కథను 'ప్రాప్తం' అను పేర తమిళమున తామే నిర్మించి, తామే దర్శకత్వము వహించి 1971లో విడుదల చేసిరి. శివాజీగణేశన్ నాయకుడైనను ఆ చిత్రము ఆడలేదు. ఆమెకు తీరని నష్టము కలిగినది. నిజమే. కాని మేము వర్తకులము, నష్టమును గూర్చి కొంత ఎరిగినవారము. గుంటూరు మిరపకాయ ధర పడిపోయిన ఏట మన బజారున ఎన్ని కొట్లు చితికినవో ఇచట నున్నవారికి చెప్పవలెనా? అట్లు చితికినవానికి మరుసటి పంటకు సరకు అరువిచ్చితిమి. "మగవాడు గనుక మునిగినాడు, ఇకమీదట మగపిల్లలను గల్లాపెట్టె దగ్గర కూర్చుండబెట్టరాదు" అని ఎవరైన తీర్మానించిరా? చిత్తూరు నాగయ్యగారు తామే చిత్రములు నిర్మించి, దర్శకత్వము వహించి, చివరి దశలో ఆర్థికముగా ఎంత చితికినారో పెద్దలు ఎరుగుదురు. దానిని దానగుణమని, కాలవైపరీత్యమని చెప్పుకొందుము. పురుషులు చిత్రములు తీయరాదని చెప్పుకొనము. నష్టము ఆమెది కాగానే అది స్త్రీజాతికి గుణపాఠమైనది!

చిట్టా ఆవర్జాల భాషలోనే మరియొక లెక్క చెప్పెదము. విజయనిర్మలగారు 44 చిత్రములకు దర్శకత్వము వహించి, ప్రపంచమున అత్యధిక చిత్రములు తీసిన దర్శకురాలిగా 2002లో గిన్నిస్ గ్రంథమునకెక్కినారు. 1974లో ఆమె తీసిన 'దేవదాసు' నాగేశ్వరరావుగారి పాత 'దేవదాసు' ఎదుట నిలువలేదు. అయినను ఆమె ఆగలేదు. జాలిపడి ఒకసారి పెట్టుబడి పెట్టువారు ఉందురు. నలుబదినాలుగు మారులు జాలిపడు షాహుకారును మేము ఇంతవరకు చూడలేదు. సుధ కొంగరగారి మొదటి రెండు చిత్రములు, 2008లో తెలుగున ఒకటి, 2010లో తమిళమున ఒకటి, ఆమెకు పేరు తేలేదు. మూడవది రావలెనన్న ఆరేండ్లు పట్టినది. ఆ ఆరేండ్లు ఆమెను ఇంట కూర్చుండుమని ఎవరైన శాసించియున్నచో, మన పిల్లలు చీటీలలో మొదట వ్రాసిన చిత్రము పుట్టియే యుండదు.

ఈ అమ్మాయి సావిత్రి యగునో, భానుమతి యగునో మేము చెప్పజాలము. ఆడిటింగు చదువు పిల్లవాడు ఏమగునో కూడ చెప్పజాలముగదా! అతనికి ఇచ్చునపుడు ఆ హామీ మనము అడుగలేదు.

ఆ దరఖాస్తు వచ్చు ఆదివారము సర్వసభ్య సమావేశమున రెండవ అంశముగా వచ్చును. ఇంటికి ఒక ఓటు అని మన నిబంధనావళి చెప్పుచున్నది. నిన్న రాత్రి దానిని మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివితిమి. ఆ ఓటు ఇంటి యజమానియే వేయవలెనని అందెచ్చటను లేదు. కావున ఉదయము పది గంటలకు వచ్చునపుడు మీ యిండ్లలోని స్త్రీలనుగూడ తప్పక వెంటబెట్టుకొని రండు. ఎవరి చేయి లేవవలెనో బయలుదేరుటకు ముందే ఇంటివద్ద తేల్చుకొనుడు. కుర్చీలు చాలనిచో మా కొట్టునుండి బల్లలు పంపెదము.

పచ్చడి వచ్చుచున్నది. ఇక సెలవు.