తోక లేని పిట్ట



2022 జూలై 1న డీఆర్‌డీవో చిత్రదుర్గలో తోకలేని మానవరహిత విమానం ఎగరేసింది. దానికి రన్‌వే ఉంది. లక్ష్మీనగర్ ఇరుకు గదిలో నేను చేసిన రేడియో కంట్రోల్ రెక్కకు రన్‌వే అక్కర్లేదు. వెనక అంచు మీద నిలబడి నిట్టనిలువుగా లేస్తుంది, పైన వాలి ముందుకు ఎగురుతుంది, మళ్ళీ నిలబడి దిగుతుంది.

రెండు మోటార్లు లాగే బలం మొత్తం బరువును మించాలి. ప్రొపెల్లర్ల గాలి ఎలివాన్‌లకు తగలాలి. నిలువుగా ఉన్నప్పుడు అదుపు దానివల్లే.

అసలు చిక్కు గరిమనాభితో. తోక లేదు కదా, అది కాస్త వెనక్కి జరిగినా రెక్క మాట వినదు. మొదటిసారి బ్యాటరీ పట్టీ వదులై వెనక్కి జారింది. రెక్క నేలకు కొట్టుకుంది. సర్వీసంతా చెక్‌లిస్టు చూసి సంతకం పెట్టినవాణ్ణి, బొమ్మే కదా అని ఊరుకున్నాను. మనవడు “తాతయ్యా, సంతకం ఎవరు పెట్టారు?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి చెక్‌లిస్టు వాడే చదివాడు, నేను సంతకం పెట్టాను. రెక్క లేచింది, దిగింది.

ఒక మనవి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు. డాబాల మీద వద్దు. మ్యాపు చూసుకుని గ్రీన్ జోన్‌కే వెళ్ళండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

జై హింద్.