చీనా పత్రికలు – స్వదేశ భూమి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)

 

పత్రికలు చదువుటవలన ప్రయోజనమేమని అడుగువారు నేటికిని కలరు. వారికి సమాధానముగా పందొమ్మిదవ శతాబ్దమున చీనాదేశమందు జరిగిన వృత్తాంతమును విన్నవించుకొందును.

నల్లమందు యుద్ధమున ఓడిన చీనా చక్రవర్తి 1842లో హాంకాంగు ద్వీపమును ఆంగ్లేయులకు ధారపోసెను. రాజ్యభూమిని గూర్చిన యోచన ఆనాడు ఆస్థానమునకే చెందినదిగా భావింపబడెడిది.

1872లో మేజర్ అను ఆంగ్ల వర్తకుడు షాంఘై నగరమున చీనాభాషలో 'షెన్‌బావ్' పత్రికను స్థాపించెను. 1874లో వాంగ్ తావ్ పండితుడు హాంకాంగులో మరియొక దినపత్రికను వెలువరించెను. ఆ యేడే జపాను సేనలు తైవాను ద్వీపముపై దిగినవి. ఓడలు, ఫిరంగులు మాత్రమే దేశమును కాపాడజాలవనియు, ప్రభువునకును ప్రజలకును ఐకమత్యము కావలెననియు వాంగ్ తావ్ తన వ్యాసములలో వాదించెను.

విచిత్రమేమన, ఈ పత్రికలు అచ్చయినది పరుల అధికారము చెల్లు నేలమీదనే! చీనా అధికారుల ఆగ్రహము అచ్చటికి సులభముగా చేరదు. పోయిన నేలపై నిలిచి, మిగిలిన నేలను గూర్చి హెచ్చరింపవలసివచ్చెను.

పత్రికలు పొరపడలేదని చెప్పను. 1894లో జపానుతో యుద్ధము జరుగుచుండగా, ఓటమిని విజయముగా చూపిన బొమ్మలను షాంఘై చిత్రపత్రిక ప్రకటించెను. మరుసటి యేడు సంధి కుదిరినపుడు నిజము బయటపడెను. తైవాను పోయెను, 20 కోట్ల టేలుల వెండి చెల్లింపవలసివచ్చెను. టేలన మన మూడు తులములకు పైమాటే!

1896లో షాంఘైలో 'షీవూబావ్' పత్రిక వెలసెను. దాని ప్రధాన రచయిత లియాంగ్ చీచావ్ అప్పటికి ఇరువదిమూడేండ్ల యువకుడు. దేశమునకు పత్రికయే కన్ను, చెవి, నాలుక యని అతడు వ్రాసెను. చాంగ్ చీతుంగ్ అను రాష్ట్రాధిపతి ఆ పత్రికను ప్రభుత్వ ధనముతో కొని విద్యాలయములకు పంపించెను. 1897లో జర్మనీ జియావ్‌జౌ అఖాతమును, మరుసటి యేడు రష్యా పోర్టు ఆర్థరును చేజిక్కించుకొనగా, "పుచ్చకాయను కోసి పంచుకొనుట" అను మాట పత్రికలయందు మారుమ్రోగెను. కాపునకైనను ఆ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు గదా! 1898 సెప్టెంబరులో సంస్కరణోద్యమము అణచివేయబడెను. లియాంగ్ జపానునకు పారిపోయి, ఆ సంవత్సరమే యొకోహామాలో మరల పత్రికను ప్రారంభించెను.

పత్రికలు పోయిన భూమిని తిరిగి తేలేదు. దేశభూమి ఆస్థానపు సొత్తు కాదు, అందరిదియను భావమును మాత్రము నాటినవి. ఒక్క పత్రికనే నమ్మినవాడు 1894లో మోసపోయెను. నాలుగు పత్రికలు ఒక్కచోట చదివి, సరిపోల్చుకొను సదుపాయమే గ్రంథాలయము.