ఉదయపు నడక, చేతిలో కెమెరా

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మన కార్యదర్శిగారు ఇప్పటికే సవివరంగా చెప్పారు. భోజనాలకు ముందు మిగిలిన ఈ పావుగంటలో ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో ముప్పై రెండేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా పొద్దున్నే పార్కుకు నడిచిపోవడం, అక్కడ ఫొటోలు తీయడం. దానివల్ల నాకు కొంత మనశ్శాంతి దొరికింది. అది ఎలా దొరికిందో మీకు మనవి చేస్తాను.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ తీరిక లేదని మన బాధ. రిటైరయ్యాక తీరికే మన బాధ. ఆఫీసులో పెండింగు ఫైలు ఎక్కడుందా అని వెతకడానికి అలవాటుపడిన మనసు, ఫైళ్ళు లేకపోయేసరికి ఇంట్లో వాటిని తయారుచేసుకుంటుంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి ఉద్యోగం, బెంగుళూరులో ఉన్న అమ్మాయి ఇంటి లోను, మన షుగరు, ఇంటి కాగితాలు, అన్నీ ఒక్కొక్కటిగా టేబులు మీదికి వస్తాయి. ఏ ఒక్కదాని మీదా మనం ఆర్డరు వేయలేం. తెల్లవారుతుంది. ఇది ఈ హాలులో సగం మందికి అనుభవమేనని నా అంచనా.

నేను రిటైరైన మూడో ఏట మా ఇంటావిడకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట చాలా నెలలకు గానీ తిరిగి రాలేదు, వచ్చినా మెల్లగా వచ్చింది. మందులు, మర్దన, వ్యాయామం, భోజనం, అన్నిటికీ నేనే పక్కన ఉండేవాణ్ణి. నాకు నిద్ర లేదు, నా మొహంలో కళ లేదు. ఒకరోజు పొద్దున పనిమనిషి వచ్చిన తర్వాత, ఆమే ఎడమచేత్తో వాకిలి వైపు చూపించింది, కొంచెంసేపు బయటికి పోయి రమ్మని. అలా మొదలైంది నా నడక.

మొదటి నెల నడక వల్ల కాళ్ళకు మేలు జరిగింది గానీ మనసుకు ఏమీ జరగలేదు. తోటి వాకర్లతో పే రివిజన్ గురించి మాట్లాడుకుంటూ, ఎన్ని రౌండ్లు తిరిగామో లెక్కపెట్టుకుంటూ ఇంటికి చేరేవాళ్ళం. కాళ్ళు పార్కులో తిరుగుతుంటే మనసు ఇంట్లోనే మంచం పక్కన కూర్చునేది. అబ్బాయి తన పాత సెల్‌ఫోను పంపించాడు. అందులో కెమెరా ఉంది. ఒక పొద్దున ఏదో పిట్ట కూత విని, దాన్ని ఫొటో తీద్దామని వేపచెట్టు కింద నిలబడ్డాను. అది ఆకుల చాటున ఉంది, కనబడదు. పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. పిట్ట ఎగిరిపోయింది, ఫొటో రాలేదు. కానీ ఆ పది నిమిషాలూ నాకు ఇంకేమీ గుర్తు రాలేదు. కొన్ని నెలల్లో అదే మొదటిసారి.

మిత్రులారా, నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మనశ్శాంతిని ఇచ్చేది పచ్చదనం ఒక్కటే కాదు, కెమెరా అసలే కాదు. ఒకచోట నిలబడి, ఒక్కదాన్ని, దాని కోసమే చూడటం. కెమెరా మనలను నిలబెట్టడానికి ఒక మిష మాత్రమే. ఊరికే చెట్టు వంక చూస్తూ నిలబడితే నలుగురూ ఏమైందని అడుగుతారు. చేతిలో కెమెరా ఉంటే ఎవరూ అడగరు.

అయితే కెమెరా ఉన్నంత మాత్రాన చూసినట్టు కాదు. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కొందరిని ఒక మ్యూజియంలో తిప్పారు. కొన్ని వస్తువులను ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని చెప్పారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే వాళ్ళకు తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పక్కకు తప్పుకుందన్నమాట. కానీ వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కలగలేదు. 2014లో అచ్చయిన ఈ పరిశోధన మనకు మంచి పాఠం. వంద తీస్తే ఏదీ చూడనట్టే. ఒకదాన్ని దగ్గరగా తీస్తే చూసినట్టు.

మన కాలంలో ఈ క్రమశిక్షణ మనకు తెలియకుండానే ఉండేది. అగ్ఫా క్లిక్-3 కెమెరా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోలుకు 12 ఫొటోలు. పెళ్ళికి ఒకటి, తిరునాళ్ళకు ఒకటి, బిడ్డ పుట్టువెంట్రుకలకు ఒకటి అని లెక్కపెట్టుకుని నొక్కేవాళ్ళం. నొక్కే ముందు పదిసార్లు చూసేవాళ్ళం. ఆ అలవాటునే నేను తిరిగి తెచ్చుకున్నాను. రోజుకు మూడే ఫొటోలు. సెల్‌ఫోనులో వేలకొద్దీ పడతాయి, నిజమే. నాకు మూడే శాంక్షను.

రెండో నియమం, నెలకొక్కసారి ఒకే చెట్టు. పెన్షను పడే ఒకటో తేదీన, అదే వేపచెట్టును, అదే చోట నిలబడి తీస్తాను. పార్కు వాచ్‌మన్ ఒకసారి, ‘ఏంది సార్, ఎప్పుడొచ్చినా అదే చెట్టునే తీస్తా ఉండారే?’ అన్నాడు. అదే చెట్టు కాదని నాకు ఏడాది తిరిగేసరికి తెలిసింది. ఆగస్టులో మొదలుపెట్టాను. నవంబరు వానలకు, గాలికి ఒక పెద్ద కొమ్మ విరిగింది. జనవరి చివరికి ఆకు పసుపుబారింది, ఫిబ్రవరిలో రాలింది. మార్చి ఒకటికి రాగి రంగు చిగుళ్ళు వచ్చాయి. ఏప్రిల్ ఒకటికి చెట్టంతా పూత. జూలైకి పండ్లు పసుపుపచ్చగా మాగి, వాటి కోసం కోకిలలు, గోరువంకలు చేరాయి. అరవై ఏళ్ళు ఉగాది పచ్చడిలో వేపపూత తిన్నాను గానీ, ఆ పువ్వుకు అయిదు రేకులుంటాయని దగ్గరగా ఫొటో తీసిన రోజే చూశాను. 2018లో మన ప్రభుత్వం వేపను రాష్ట్ర వృక్షంగా, రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆ రెండింటినీ చూడటానికి ఏ అడవికీ పోనక్కరలేదు, మన వీధి చివరిదాకా పోతే చాలు.

మూడో నియమం అన్నిటికన్నా ముఖ్యం. తీసిన ఫొటోను రాలేనివాళ్ళకు చూపించాలి. రోజూ ఇంటికి రాగానే మంచం పక్కన కూర్చుని ఆ మూడు ఫొటోలూ ఆమెకు చూపిస్తాను. మొదట్లో చూసి కళ్ళు మూసుకునేది. తర్వాత తర్వాత నేను వచ్చే వేళకు వాకిలి వైపు చూడటం మొదలుపెట్టింది. పూత ఫొటో చూసి, ‘మా కయ్య గట్టుమింద చెట్టు గూడా ఇట్లే ఉండె’ అని మెల్లగా అన్నది. వాళ్ళ ఊరి బావి, దాని మీద వాలే లకుముకి పిట్ట, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ఒకరోజు పాత ఫొటోలు వరుసగా చూపిస్తున్నాను. మార్చి ఫొటో దగ్గర ఆపమని సైగ చేసింది. ‘ఇరిగిన తావున గూడా వచ్చిందే’ అన్నది. నేను తీసినప్పుడు గమనించలేదు. నవంబరులో విరిగిన కొమ్మ మొదట్లో రెండు చిగుళ్ళున్నాయి.

ఫొటోలతో జబ్బు నయమైందని నేను చెప్పడం లేదు. ఆమె కుడిచెయ్యి ఈనాటికీ పూర్తిగా స్వాధీనం కాలేదు. వైద్యం వైద్యమే. కానీ మందుల వేళలు తప్ప వేరే మాట లేని మా ఇంట్లో, మాట్లాడుకోవడానికి రోజుకు మూడు సంగతులు వచ్చాయి. నాకు రాత్రి నిద్ర పడుతున్నది.

చెట్టును చూడటం వల్ల మేలుంటుందని పరిశోధకులు కూడా అంటున్నారు. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయం ఆపరేషను అయిన రోగులలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుకగోడ కనిపించినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్ళారు. బలమైన నొప్పి మందులు కూడా వారికి తక్కువ సరిపోయాయి. జపాను అటవీ శాఖ 1982లో ‘అడవి స్నానం’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రజలను చెట్ల మధ్యకు పిలిచింది. ఇంగ్లండులో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం, మనఃస్థితి బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా లేదట. అంటే రోజుకు ఇరవై నిమిషాలు కూడా కాదు. ఆ పాటి తీరిక మనకు లేదని ఎవరూ అనలేరు.

ఇక ఎక్కడికి వెళ్ళాలంటారా? ఈ విషయంలో మనం అదృష్టవంతులం. తిరుపతిలో ప్రకాశం పార్కు ఉంది. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణలో పెద్ద పెద్ద చెట్లున్నాయి. 1987లో ఏర్పాటైన జంతు ప్రదర్శనశాల శేషాచలం కొండల పాదంలోనే ఉంది. చిత్తూరు వారికి కట్టమంచి చెరువు గట్టు ఉంది. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు కారులో తలకోనకో, హార్స్‌లీ హిల్స్‌కో తీసుకుపొమ్మనండి. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఈ కొండల ఎర్రచందనం బెరడును ఒక్కసారి దగ్గరగా చూడండి, మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది.

తిరుమల ఘాటు రోడ్డులో, కింది పాత రాతికీ పైన పరుచుకున్న పొరల రాతికీ మధ్య ఒక సరిహద్దు ఉంది. ఆ రెండింటి నడుమ గడిచిన కాలం సుమారు 80 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. బస్సు కిటికీలోంచి ఆ కొండగోడను చూసినప్పుడల్లా మన బకాయిలు కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదనిపిస్తుంది. (నవ్వులు) కార్యదర్శిగారు క్షమించాలి, పోరాటం మాత్రం ఆపవద్దు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. పార్కు వేరు, అడవి వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. కొండదారిలో ఒంటరిగా వెళ్ళవద్దు, చీకటి వేళ వెళ్ళవద్దు, ఫొటో కోసం దారి దిగి పొదల్లోకి అసలే వెళ్ళవద్దు. కోతులకు తిండి పెట్టవద్దు. గూటి దగ్గరకు పోయి పిట్టను బెదరగొట్టవద్దు. నడుస్తూ ఫోను చూడవద్దు, ఆగి చూడండి. మన వయస్సులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మీకు తెలుసు. షుగరు ఉన్నవాళ్ళు జేబులో రెండు బిస్కెట్లు, అందరూ ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ పెట్టుకోండి. కొత్త కెమెరా కొననక్కరలేదు. ఇంట్లో ఉన్న ఫోను చాలు. అద్దాన్ని పాత పంచె గుడ్డతో తుడుచుకుంటే సగం ఫొటోలు బాగుపడతాయి.

చివరగా మన సంఘానికి ఒక మనవి. మన సభ్యులలో ఇల్లు కదలలేనివారు ఎందరో ఉన్నారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు వేళకు మాత్రమే వారు మనకు గుర్తొస్తున్నారు. నడవగలిగినవాళ్ళం నెలకొక్కసారి మూడు ఫొటోలు తీసుకుని, అటువంటి ఒక్క ఇంటికి వెళ్ళి, అరగంట కూర్చుని చూపించి వద్దాం. దీనికి జి.ఓ. అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు. కార్యవర్గం ఒప్పుకుంటే ఇళ్ళ జాబితా నేను తయారుచేస్తాను. ఆ పని నాకు అలవాటే. వచ్చే ఒకటో తేదీ నుంచి మొదలుపెడదాం. నాతో వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర పేర్లు ఇవ్వండి.