కోతకు ముందటి మందు
(బోథ్ పఠనమందిరమున చేసిన ప్రసంగము)



మేము చట్టములను గూర్చి మాటాడుదుమని తలంచి మీరు వచ్చియుందురు. నేడు విన్నవింపబోవునది విరిగిన యెముకల సంగతి. మేము వైద్యులము కాము. అయినను గడువు దాటిన దరఖాస్తు గతి యెట్లుండునో చిరకాలముగా చూచుచున్నవారము. మందునకును అట్టి గడువొకటి గలదు.

మోటారు ప్రమాద పరిహారపు వ్యాజ్యమున ఒక కక్షిదారుడు ఆసుపత్రి కాగితముల మూటను మాకు తెచ్చి యిచ్చెను. తొడ యెముకలో కడ్డీ వేసిరి. పిదప పండ్రెండు దినములు యాంటీబయాటిక్ మాత్రలు మ్రింగినట్లు రసీదులన్నియు గలవు. కోతకు ముందు సూదిమందు ఏ గంటకు ఇచ్చిరో వ్రాయవలసిన గడి మాత్రము ఖాళీ! ఆ తొడ చీము పట్టెను, కడ్డీ తీసివేసిరి, రెండు పత్తి పంటలు అతని చేయి దాటిపోయెను. కారణమదియే యని మేము నిర్ణయింపజాలము. కాని ఆ ఖాళీగడి మమ్ము విడువలేదు.

1961లో జాన్ బర్క్ అను వైద్యుడు గినీపందులపై పరీక్షించి, క్రిములు చర్మములో చొచ్చుటకు ముందే రక్తమున నున్న మందు వానిని అణచుననియు, మూడు గంటలు గడచిన పిదప నిచ్చినది వ్యర్థమనియు చూపెను. ఎముకలో లోహము వేయునపుడు ఈ విషయము మరింత ముఖ్యము. క్రిములు లోహమునంటి పొర కట్టుకొన్నచో మందు వానిని చేరుట కష్టము. అందుచేతనే సాధారణముగా సెఫజోలిన్ సూదిని కోతకు పూర్వము గంటలోపల ఇత్తురు. రక్తము నాపు పట్టీని బిగించుటకు ముందే అది పూర్తి కావలెను. శస్త్రచికిత్స నాలుగు గంటలు మించినచో మరల నిత్తురు. చికిత్స ముగిసిన పిదప కేవలము నివారణకై మందును పొడిగింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పినది. పొడిగించిన మందు గాయమును కాపాడదు. మందునకు లొంగని క్రిములను మాత్రము పెంచును. అయినను మాత్రలు వ్రాయని వైద్యుని మనము వైద్యుడే కాడందుము! ఈ తప్పులో మన పాలును కొంత గలదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున సాగిన పరిశోధనలో వెలువడి, 1948లో లోకమునకు తెలిసినది ఆరియోమైసిన్. అట్టి మందులను చిల్లర సరుకువలె వాడుట మనకు తగునా?

ఎముక చర్మమును చీల్చుకొని వెలికి వచ్చిన గాయము వేరు. అందు క్రిములు అప్పుడే చొచ్చియుండును. 1865లో గ్లాస్గోలో బండిచక్రము క్రింద నలిగిన పదునొకండేండ్ల బాలుని అట్టి కాలిని లిస్టరు కార్బాలిక్ ఆమ్లపు కట్టుతో నిలిపెను. నేడైనను ఆలస్యమే శత్రువు. కావున చేలో బండి తిరుగబడి ఎవరికైన అట్టి గాయమైనచో, ఆదిలాబాదునకు వాహనము కదలకముందే ఇచ్చటి వైద్యుని మొదటి సూదిమందునకై అడుగుడు. పూర్వము ఏ మందైన పడకపోయినచో చెప్పుడు. పసుపు, ఆకుపసరు పూయకుడు. శుభ్రమైన గుడ్డ కప్పుడు. సూది వేసిన గంటను చీటిపై వ్రాయించి రోగి జేబులో నుంచుడు. ఆదిలాబాదు వైద్యునికి ఆ గంట కావలసియుండును.