మన్యపు ఆరోగ్య కార్యకర్తల మనోవేదన

ఆంధ్రప్రదేశ్‌లోని అనంతగిరి మన్యంలో వైద్యసేవ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రోడ్లూ మందులూ మంచాలూ లెక్కకు వస్తాయి గాని, ఆ సేవ చేసే మనిషి మనసు లెక్కకు రాదన్నది ఇక్కడ చెప్పవలసిన మొదటి మాట. కొవిడ్ కాలంలో వైద్యులు, నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు పడిన వేదనను అలసట అనో, భయం అనో, కుంగుబాటు అనో అనుకుని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది; అవన్నీ ఉన్న మాట నిజమే అయినా, వాటిలో ఇమడని బాధ మరొకటి ఉన్నది. చేయవలసినదేమిటో తెలిసి కూడా చేసే వీలు లేక, కళ్లముందు జరిగిన నష్టానికి తనదే పూచీ అని మనిషి తనను తాను నిందించుకుంటూ బతికే ఈ స్థితిని మానసిక వైద్యశాస్త్రం నైతిక గాయం అంటున్నది.

వియత్నాం యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ వైద్యుడు జోనథన్ షే 1990లలో ఈ భావనకు రూపమిచ్చి, అధికారంలో ఉన్నవారు ధర్మం తప్పినప్పుడు ఈ గాయం పుడుతుందన్నాడు. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహ పరిశోధకులు దీన్ని విస్తరించి, తప్పు చేయడమే కాదు, తప్పును ఆపలేకపోవడం, చూస్తూ నిలబడవలసి రావడం కూడా అందుకు కారణాలేనని వివరించారు. భయంతో గాయపడిన మనసు తనకేమవుతుందోనని వణికితే, ఈ గాయం తగిలిన మనసు తానేం చేశానని కుములుతుంది. కాబట్టి ధైర్యం చెప్పినంత మాత్రాన ఇది మానదు.

ఈ గాయం పట్నంలో ఒకలా, మన్యంలో మరోలా ఉంటుంది. పట్నంలో నర్సు డ్యూటీ దిగితే రోగి బంధువులు మళ్లీ ఎదురుపడకపోవచ్చు. మన్యంలో ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలో ఆడపడుచో అయి ఉంటుంది. 2021 ఏప్రిల్, మే నెలల రెండో ఉధృతి వంటి కాలంలో, రోగి వేలికి పెట్టిన ఆక్సీమీటరులో అంకె దిగిపోతున్నా, 108 వాహనం నిలిచే చోటి దాకా కర్రకు దుప్పటి కట్టిన డోలీలో మోయడం తప్ప వేరే దారి లేని గూడేలలో, జరగరానిది జరిగితే ఆ తరువాత కూడా అదే ఇంటి గడప తొక్కాలి, అదే సంతలో ఆ ఇంటివారికి ఎదురుపడాలి. ఎవరూ ఒక్క మాట అనకపోయినా, ఇంకాస్త ముందు కబురు చేసి ఉంటే బతికేవాడేమోనన్న తలపు ఆమెను వదలదు.

ఇలాంటివారి కోసం ఏమీ జరగలేదని కాదు. ఆరోగ్య సిబ్బందిపై దాడులకు కఠిన శిక్షలు విధిస్తూ 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. విధుల్లో కొవిడ్ సోకి మరణిస్తే 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే ప్రపంచం మెచ్చిన ఆ మహిళలు ప్రభుత్వ లెక్కల్లో ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు; వారికి అందేది జీతం కాదు, గౌరవ వేతనం. అదే ఏడాది అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ (14416) మేలైన ఏర్పాటే గాని, సిగ్నల్ అందని గూడేనికి అది చేరదు. పైగా గాయానికి మూలం దారిలేమి అయినప్పుడు ఓదార్పు ఒక్కటే ఇచ్చి పంపడం, లోపం ఆ కార్యకర్త మనసులోనే ఉందని చెప్పినట్లవుతుంది.

ఈ గాయాన్ని గుర్తించడంలో రచయితలకూ పని ఉన్నది. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు కలగలిసి వినిపించే ఈ కొండల్లో ఆరోగ్య కార్యకర్తలు ఆ బాధను ఏ మాటతో చెప్పుకుంటున్నారో వారి నోటనే విని, పేర్లు బయటపెట్టకుండా, జ్ఞాపకం మసకబారకముందే రాసి ఉంచాలి. మరణ నమోదులో తేదీకీ కారణానికీ చోటు ఉన్నది గాని, డోలీ ఎంత దూరం నడిచిందో, దాని పక్కన ఎవరు నడిచారో రాయడానికి చోటు లేదు.